విచారణ లేని చెర: ప్రతిపక్షం పట్ల ప్రభుత్వాల వైఖరి

ప్రజాస్వామ్యమంటే మెజారిటీ పాలన అని పాఠ్యపుస్తకాలు చెబుతూ వచ్చాయి. ఇందులో ఉన్నది సగం సత్యమే. ఎక్కువమంది తక్కువమందిని పాలించడం విశేషమేమీ కాదు. ఎన్నికల్లో ఓడిపోయినవాడు, అధికారంలో ఉన్నవాణ్ణి కాదన్నవాడు, మర్నాడు ఎక్కడ ఉంటాడన్నదే అసలు ప్రశ్న. శాసనసభలో ప్రతిపక్ష స్థానంలో కూర్చుంటాడా, నాలుగు రోడ్ల కూడలిలో సభ పెట్టుకొని మాట్లాడతాడా, లేక జైలు గదిలో ఊచలు లెక్కపెట్టుకుంటాడా? ఒక దేశంలో రాజకీయ స్వేచ్ఛ ఎంత ఉన్నదో తెలుసుకోవాలంటే ఈ ప్రశ్నకు జవాబు వెదకాలి.

ఇక్కడ ఒక వివేచన అవసరం. ప్రతిపక్ష సభ్యుడైనంత మాత్రాన ఎవరూ చట్టానికి అతీతులు కారు. నేరం చేశాడనుకుంటే ప్రభుత్వం అభియోగం మోపవచ్చు, సాక్షులను తేవచ్చు. ముద్దాయి ఆ సాక్షులను ప్రశ్నిస్తాడు, న్యాయమూర్తి తీర్పు చెబుతాడు. ఈ పద్ధతిలో అన్యాయాలు జరగవని కాదు. మీరట్ కుట్ర కేసు నుంచి నేటివరకు ఎన్నో జరిగాయి. అయినా అందులో నిందితుడికి నోరున్నది. చేసిన నేరానికి కాక చేయబోతాడేమోనన్న అనుమానానికి మనిషిని బంధించే పద్ధతి మరొకటి ఉన్నది. దానికి సాక్ష్యం అక్కరలేదు, విచారణ అక్కరలేదు. ఒక అధికారి సంతకం చాలు. ప్రివెంటివ్ డిటెన్షన్ అన్న పేరుతో మనకు పరిచితమైన పద్ధతి ఇదే. భారతదేశంలో ప్రభుత్వాలు ప్రతిపక్షం పట్ల ఎలా ప్రవర్తించాయో ఈ ఒక్క సాధనం చరిత్రను అనుసరించి చూస్తే చాలావరకు బోధపడుతుంది.

తెల్లదొరలు వదలిపోయిన ఆస్తి

ఈ సాధనం మన రాజ్యాంగంతో పుట్టినది కాదు. ఈస్టిండియా కంపెనీ పాలనలో 1818లో చేసిన బెంగాల్ మూడవ రెగ్యులేషను దీనికి మూలపురుషుడు. రాజ్యక్షేమం పేరుతో ఎవరినైనా విచారణ లేకుండా నిర్బంధించడానికి అది వీలు కల్పించింది. సంస్థానాధీశులను, తిరుగుబాటుదారులను ఉద్దేశించిన ఆ రెగ్యులేషన్‌ను దాదాపు తొంభై సంవత్సరాల తర్వాత, 1907లో, లాలా లజపతిరాయ్ మీద ప్రయోగించి ఆయనను మాండలేకు పంపారు. ఒక చట్టం ఎంతకాలం నిద్రపోయినా చచ్చిపోదని, దాన్ని లేపిన చేయి ఎవరిదైనా అది పనిచేస్తుందని ఆనాడే తేలిపోయింది.

1919 మార్చిలో రౌలట్ చట్టం వచ్చింది. విచారణ లేని నిర్బంధాన్ని యుద్ధం ముగిసిన తర్వాత కూడా కొనసాగించాలన్నదే దాని సారాంశం. ఆ చట్టానికి వ్యతిరేకంగానే గాంధీ అఖిల భారత స్థాయిలో మొదటి సత్యాగ్రహానికి పిలుపునిచ్చాడు. జలియన్‌వాలాబాగ్ రక్తపాతం ఆ ఆందోళన నడుమనే జరిగింది. అంటే మన జాతీయోద్యమం ప్రజల ఉద్యమంగా రూపొందిన ఘట్టానికి కేంద్రంలో ఉన్నది ఈ సమస్యే. వకీలు లేదు, అప్పీలు లేదు, దలీలు లేదు అన్న మాట ఆనాడు పంజాబు వీథుల్లో మారుమోగింది.

అటువంటి ఉద్యమంలోనుంచి వచ్చిన నాయకులు అధికారం చేపట్టినప్పుడు ఏం చేశారు? 1937లో మద్రాసులో రాజగోపాలాచారి మంత్రివర్గం ఏర్పడింది. వేలూరు జైల్లో డైరీ రాసుకొన్న మనిషి ఆయన. ఆ మంత్రివర్గం అధికారంలోకి వచ్చిన కొద్ది నెలలకే కాంగ్రెస్ సోషలిస్టు నాయకుడు ఎస్.ఎస్. బాట్లివాలాపై ఒక ప్రసంగానికిగాను రాజద్రోహ నేరం మోపింది. సొంత సంస్థలోని వామపక్షం వాడిమీదనే, పరాయి ప్రభుత్వం రాసిన రాజద్రోహపు సెక్షన్ ప్రయోగమైంది. జవహర్‌లాల్ నెహ్రూ కలత చెందాడు. కాని దారి పడింది.

1947 జనవరిలో, ఇంకా స్వాతంత్ర్యం రాకముందే, మద్రాసు రాష్ట్రంలో టంగుటూరి ప్రకాశం మంత్రివర్గం ప్రజారక్షణ పేరుతో ఒక ఆర్డినెన్సు జారీ చేసింది. ఆంధ్రదేశంలో అది 'ప్రకాశం ఆర్డినెన్సు'గానే పేరుపడింది. తుపాకుల ఎదుట రొమ్ము చూపిన ధీరుడి పేరు ఒక నిర్బంధపు ఆర్డినెన్సుకు తగులుకోవడం చరిత్ర చేసిన పరిహాసం. దాని దెబ్బ ముఖ్యంగా కమ్యూనిస్టుల మీద, కార్మిక సంఘాల మీద పడింది. ఆర్డినెన్సు స్థానంలో త్వరలోనే ప్రజాశాంతి పరిరక్షణ చట్టం వచ్చింది. ప్రకాశం దిగిపోయాడు, ఓమండూరు రామస్వామి రెడ్డియార్ వచ్చాడు, తర్వాత కుమారస్వామి రాజా వచ్చాడు. చట్టం మాత్రం నిలిచింది.

కొత్త రిపబ్లిక్ మొదటి నెల

1949 నాటికి మద్రాసు ప్రభుత్వం కమ్యూనిస్టు పార్టీని నిషేధించింది. కృష్ణా, గుంటూరు జిల్లాల గ్రామాల్లో మలబారు స్పెషల్ పోలీసులు దిగారు. కాటూరు, యలమర్రు గ్రామాల్లో మగవాళ్లను వివస్త్రలను చేసి గాంధీ విగ్రహం చుట్టూ తిప్పిన సంగతి ఆ తరం మరచిపోలేదు. పక్కనే హైదరాబాదు సంస్థానంలో, 1948 సెప్టెంబరులో నిజాం పాలన కూలిన తర్వాత, రజాకార్లతో పోరాడినవారే సైనిక ప్రభుత్వపు జైళ్లలోకి వేల సంఖ్యలో వెళ్లారు. సాయుధ పోరాటం సాగుతున్న ప్రాంతం గనుక ప్రభుత్వం అలా చేయక తప్పలేదని వాదించేవారున్నారు. ఆయుధం పట్టినవాణ్ణి ఎదుర్కోవడం ఒక సంగతి. కరపత్రం పంచినవాణ్ణి, అన్నం పెట్టినవాణ్ణి, యూనియన్ కార్యాలయంలో లెక్కలు రాసినవాణ్ణి ఒకే తాటికి కట్టి విచారణ లేకుండా మూసివేయడం మరొక సంగతి. మొదటిదాన్ని చూపి రెండవదాన్ని సమర్థించడమే నిర్బంధ చట్టాల పుట్టుకలో ఉన్న కీలకం.

1950 జనవరి 26న రాజ్యాంగం అమలులోకి వచ్చింది. ఆ తర్వాత పదహారవ రోజున, ఫిబ్రవరి 11న, సేలం జైల్లో కాల్పులు జరిగి 22 మంది కమ్యూనిస్టు ఖైదీలు మరణించారు. రాజ్యాంగం అమలులోకి వచ్చి సరిగ్గా నెల తిరిగేసరికి, ఫిబ్రవరి 26న, ప్రివెంటివ్ డిటెన్షన్ చట్టం అమలులోకి వచ్చింది. సర్దార్ పటేల్ ప్రవేశపెట్టిన ఆ బిల్లును పార్లమెంటు ఒక్కరోజులో ఆమోదించింది.

దీనికి తలుపు రాజ్యాంగంలోనే తెరిచి ఉన్నది. స్వేచ్ఛను హరించే చట్టం న్యాయబద్ధమైన పద్ధతిని పాటించాలన్న భావం ముసాయిదా నుంచి తొలగిపోయి, 'చట్టం నిర్దేశించిన పద్ధతి' అన్న మాట మిగిలింది. అందువల్ల కలిగిన లోటును కొంతైనా పూడ్చాలని 1949 సెప్టెంబరులో అంబేద్కర్ మరొక అధికరణాన్ని ప్రవేశపెట్టాడు. అదే నేటి 22వ అధికరణం. అరెస్టయినవాడికి కారణాలు చెప్పాలని, వకీలును కలవనివ్వాలని, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలపాలని అది ఒక చేత్తో ఇచ్చింది. ప్రివెంటివ్ డిటెన్షన్ కింద పట్టుకొన్నవాడికి ఇవేవీ వర్తించవని రెండవ చేత్తో తీసుకున్నది. మూడు నెలల వరకు సలహా సంఘానికి కూడా చూపనక్కరలేదన్నది. ఠాకూర్ దాస్ భార్గవ, కామత్, మహావీర్ త్యాగి వంటి సభ్యులు దీన్ని తీవ్రంగా విమర్శించారు. త్యాగి జైలు అనుభవం ఉన్నవాడు. జైలు లోపలినుంచి చూసినవాడికి ఆ అధికరణం ఎలా కనిపిస్తుందో ఆయన గుర్తుచేశాడు. కాని సభలో మెజారిటీ అప్పటికే బయటినుంచి చూడడం అలవాటు చేసుకున్నది.

గోపాలన్ కేసు

ఈ చట్టం కింద మొదట బంధితులైనవారిలో ఎ.కె. గోపాలన్ ఒకడు. గురువాయూరు ఆలయ ప్రవేశ సత్యాగ్రహంలో పాల్గొన్నవాడు, 1936లో నిరుద్యోగుల ఆకలి యాత్రను కన్ననూరు నుంచి మద్రాసు దాకా నడిపించినవాడు. బ్రిటిష్ ప్రభుత్వం ఆయనను పలుమార్లు జైల్లో పెట్టింది. 1947 ఆగస్టు 15న దేశమంతా జెండాలెగురుతున్నవేళ ఆయన జైల్లోనే ఉన్నాడు. కొద్ది నెలలు బయట గడిపి డిసెంబరులో మళ్లీ లోపలికి వెళ్లాడు. మామూలు చట్టాల కింద పడిన శిక్షలు కోర్టుల్లో కొట్టుడుపోయాయి. అయినా విడుదల లేదు. 1950 మార్చి 1న ఆయన జైల్లో ఉండగానే కొత్త చట్టం కింద నిర్బంధపు ఉత్తర్వు చేతికిచ్చారు.

ఈ వరుస గమనించదగినది. కోర్టు శిక్షను రద్దు చేస్తుంది. ప్రభుత్వం నిర్బంధాన్ని కొనసాగిస్తుంది. కోర్టులో నెగ్గలేని కేసుకు డిటెన్షన్ ఒక అడ్డదారి అయింది.

గోపాలన్ సుప్రీంకోర్టుకు వెళ్లాడు. ఆయన పక్షాన ఎం.కె. నంబియార్ వాదించాడు. స్వేచ్ఛను తొలగించే పద్ధతి న్యాయమైనదై ఉండాలని, నిందితుడికి తన మాట చెప్పుకొనే అవకాశం ఉండాలని, 19, 21, 22 అధికరణాలను కలిపి చదవాలని ఆయన వాదన. 1950 మే 19న మెజారిటీ న్యాయమూర్తులు దీన్ని తిరస్కరించారు. శాసనసభ చేసినదే చట్టం, ఆ చట్టం చెప్పినదే పద్ధతి, అది న్యాయమా కాదా అని విచారించడం కోర్టు పని కాదన్నారు. నిర్బంధ కారణాలను కోర్టుకు సైతం చెప్పరాదన్న 14వ సెక్షన్‌ను మాత్రం కొట్టివేశారు. జస్టిస్ ఫజల్ అలీ మెజారిటీతో విభేదించాడు. నోటీసు ఇవ్వడం, మాట వినడం, పక్షపాతం లేని న్యాయపీఠం ఉండడం ఏ చట్టంలోనైనా ఇమిడి ఉండవలసినవేనని ఆయన రాశాడు.

ఆ కేసు ఒక కమ్యూనిస్టు కేసుగానే దేశంలో చాలామందికి కనిపించింది. కమ్యూనిస్టులకు కావలసిందేనని సంతోషించినవారూ లేకపోలేదు. కాని ఆ తీర్పు గోపాలన్ పేరుతో వచ్చిందేగాని గోపాలన్ కోసం మాత్రమే రాలేదు. ఆనాటి నుంచి రెండు దశాబ్దాలపాటు దేశంలో ప్రతి పౌరుడి స్వేచ్ఛకు అదే కొలబద్ద అయింది. 1970లో బ్యాంకుల జాతీయీకరణ కేసులో, 1978లో మేనకా గాంధీ కేసులో సుప్రీంకోర్టు ఫజల్ అలీ దారికి చేరుకొన్నది. ఈ మధ్యకాలంలో జైళ్లలో గడచిన సంవత్సరాలను ఏ తీర్పూ తిరిగి ఇవ్వలేదు.

ప్రజలు మాత్రం తమ తీర్పును ముందే చెప్పారు. 1952 ఎన్నికల్లో గోపాలన్ లోక్‌సభకు ఎన్నికై, 16 మంది సభ్యులతో పెద్ద ప్రతిపక్షంగా నిలిచిన కమ్యూనిస్టు పక్షానికి నాయకుడయ్యాడు. తెలంగాణలో, నల్లగొండనుంచి పోటీ చేసిన రావి నారాయణరెడ్డికి నెహ్రూకు వచ్చినవాటికంటె ఎక్కువ ఓట్లు వచ్చాయి. మద్రాసు శాసనసభలో 375 స్థానాలకుగాను కాంగ్రెసుకు 152 మాత్రమే దక్కాయి, కమ్యూనిస్టులు 62 గెలిచారు. నిన్నటి డిటెన్యూలు శాసనసభ్యులయ్యారు. వారు బలపరచిన ఐక్య ప్రజాస్వామ్య కూటమికి నాయకుడెవరు? కాంగ్రెస్ నుంచి బయటికి వచ్చిన ప్రకాశమే. ఆర్డినెన్సు చేసినవాడూ, ఆ ఆర్డినెన్సుకు గురైనవారూ ఐదేళ్లు తిరిగేసరికి ఒక పక్షాన కూర్చున్నారు. అయినా గవర్నరు శ్రీప్రకాశ పిలిచింది ఆ కూటమిని కాదు. రాజగోపాలాచారిని శాసనమండలికి నామినేట్ చేసి ముఖ్యమంత్రిని చేశారు. ప్రతిపక్షాన్ని ఆపడానికి ఎప్పుడూ జైలే అక్కరలేదని, రాజ్‌భవన్ కూడా పనికివస్తుందని అప్పుడే తెలిసిపోయింది.

ఏడాది చట్టం ఎన్నేళ్లు బతికింది?

ప్రివెంటివ్ డిటెన్షన్ చట్టం ఒక్క సంవత్సరానికే అన్నారు. 1951 ఏప్రిల్ 1తో అది ముగియాలి. ఆ గడువుకు ముందే రాజగోపాలాచారి హోంమంత్రిగా దాన్ని పొడిగించాడు. ఆ తర్వాత కైలాసనాథ్ కాట్జూ పొడిగించాడు. అలా పొడిగింపు మీద పొడిగింపుతో 1969 డిసెంబరు 31 దాకా, దాదాపు ఇరవై సంవత్సరాలు, అది బతికింది. కాంగ్రెస్ చీలి ఇందిరాగాంధీ మైనారిటీ ప్రభుత్వం వామపక్షాల మద్దతుమీద ఆధారపడవలసి వచ్చినప్పుడుగాని దానికి కాలం తీరలేదు. తాత్కాలికమన్న మాటకు ఈ శాస్త్రంలో అర్థమేమిటో దీన్ని బట్టి గ్రహించవచ్చు.

ఇంతలో 1962లో చైనాతో యుద్ధం వచ్చింది. భారత రక్షణ చట్టం, దాని నిబంధనలు వచ్చాయి. యుద్ధం నెలరోజుల్లో ఆగింది, అత్యవసర పరిస్థితి మాత్రం 1968 దాకా ఆగలేదు. 1964 డిసెంబరు ఆఖరున హోంమంత్రి గుల్జారీలాల్ నందా ఆధ్వర్యంలో మార్క్సిస్టు కమ్యూనిస్టు పార్టీ నాయకులను దేశవ్యాప్తంగా అరెస్టు చేశారు. ఆ పార్టీ ప్రధాన కార్యదర్శి పుచ్చలపల్లి సుందరయ్య వారిలో ఒకడు. రెండు నెలల తర్వాత కేరళలో ఎన్నికలు జరిగాయి. 40 స్థానాలతో ఆ పార్టీయే పెద్ద పక్షంగా వచ్చింది. గెలిచినవారిలో చాలామంది జైల్లో ఉన్నారు. ఓటరు గెలిపించాడు, హోంశాఖ విడిచిపెట్టలేదు. ఒక్కసారైనా సమావేశం కాకుండానే ఆ శాసనసభ రద్దయింది.

పార్లమెంటు సభ్యుడైనా సరే, నిర్బంధంలో ఉంటే సభకు హాజరయ్యే హక్కు లేదని 1965లో ఆనంద నంబియార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆయన, ఆర్. ఉమానాథ్ ఇద్దరూ మద్రాసు రాష్ట్రం నుంచి ఎన్నికైన లోక్‌సభ సభ్యులు. చట్టం దృష్టిలో ఆ తీర్పుకు తర్కమున్నది. కాని దాని రాజకీయ ఫలితాన్ని చూడండి. ఒక నియోజకవర్గంలోని లక్షలాది ఓటర్ల గొంతును ఒక అధికారి సంతకం మూసివేయగలదు. విచారణ జరిగి, నేరం రుజువై ఉంటే అది వేరు. ఇక్కడ విచారణే లేదు.

ఎమర్జెన్సీ

1969 ఆఖరున చట్టం చచ్చింది. ఏడాదిన్నర తిరగలేదు. 1971లో, బంగ్లాదేశ్ సంక్షోభం నడుమ, ఆంతరంగిక భద్రతా పరిరక్షణ చట్టం పుట్టింది. జనం దాన్ని మీసా అన్నారు. గూఢచారుల కోసం అన్నారు, దొంగరవాణాదారుల కోసం అన్నారు. 1975 జూన్ 25 రాత్రి అది ఎవరికోసమో దేశానికి తెలిసింది. జయప్రకాశ్ నారాయణ్, మొరార్జీ దేశాయి, చరణ్ సింగ్, సోషలిస్టులు, జనసంఘీయులు, మార్క్సిస్టులు అందరూ ఒకే గేటు గుండా లోపలికి వెళ్లారు. షా కమిషన్ లెక్క ప్రకారం ఎమర్జెన్సీ కాలంలో మీసా కింద 34,988 మంది, భారత రక్షణ నిబంధనల కింద 75,818 మంది, మొత్తం 1,10,806 మంది నిర్బంధితులయ్యారు.

లోపలికి వెళ్లినవారిలో చంద్రశేఖర్ కూడా ఉన్నాడు. ఆయన అప్పటికి కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ సభ్యుడు. తన పార్టీ ప్రభుత్వం చేసిన చట్టమే ఆయనను మూసివేసింది. ప్రతిపక్షం కోసం తవ్విన గోతికి సొంత పక్షంలోని అసమ్మతివాది కొలత కూడా సరిపోతుంది.

ఇరవై ఐదేళ్ల క్రితం గోపాలన్ కేసులో నాటిన విత్తు 1976 ఏప్రిల్ 28న కాయ కాసింది. ఎమర్జెన్సీలో డిటెన్యూలు హెబియస్ కార్పస్ పిటిషన్లు వేయవచ్చునని తొమ్మిది హైకోర్టులు చెప్పాయి. జబల్‌పూర్ కేసులో సుప్రీంకోర్టు నలుగురు న్యాయమూర్తుల మెజారిటీతో వాటిని తోసిపుచ్చింది. ఒక పోలీసు అక్రమంగా ప్రాణం తీసినా కోర్టులో ఉపాయం లేదా అని జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా అడిగితే, ఎమర్జెన్సీ ఉన్నంతవరకు లేదని అటార్నీ జనరల్ నిరేన్ డే ఒప్పుకోవలసి వచ్చింది. ఖన్నా ఒక్కడే విభేదించాడు. మరుసటి జనవరిలో ఆయనను కాదని ఆయనకంటె జూనియరైన న్యాయమూర్తిని ప్రధాన న్యాయమూర్తిని చేశారు. ఖన్నా రాజీనామా ఇచ్చాడు.

ఆ కాలంలోని ఒక్క ఉదాహరణ మన సాహిత్యలోకానికి దగ్గరది. 'ఫిడేలు రాగాల డజన్' కవి పఠాభి భార్య స్నేహలతారెడ్డి రంగస్థల కళాకారిణి, 'సంస్కార' చలనచిత్రంలో నటించింది, సోషలిస్టు ఉద్యమానికి సన్నిహితురాలు. 1976 మేలో ఆమెను అరెస్టు చేసి, మీసా కింద బెంగుళూరు సెంట్రల్ జైల్లో ఉంచారు. ఆమెకు ఉబ్బసం. జైల్లో అది ముదిరింది. 1977 జనవరి మధ్యలో పెరోల్ మీద విడిచారు, అదే నెల 20న ఆమె మరణించింది. బరోడా డైనమైట్ కేసుతో ఆమెకు సంబంధమున్నదని అనుమానించినవారు చివరకు చార్జిషీటులో ఆమె పేరు పెట్టలేదు. విచారణ జరగలేదు, శిక్ష మాత్రం సంపూర్ణంగా అమలైంది.

గోపాలన్‌ను కూడా ఎమర్జెన్సీ మొదటి రోజుల్లో ఒక వారం నిర్బంధించారు. విడుదలై వచ్చి, 1975 జూలైలో లోక్‌సభలో నిలబడి, ఆ ఎమర్జెన్సీని వ్యతిరేకించాడు. 1977 మార్చి 21న ఎమర్జెన్సీ తొలగిపోయింది. మార్చి 22న గోపాలన్ కన్నుమూశాడు.

లోపలివారు బయటికి వచ్చాక

జైలునుంచి వచ్చినవారే 1977లో ప్రభుత్వం ఏర్పరచారు. ఇంతకంటె మంచి అవకాశం మరొకటి లేదు. వారు మీసాను రద్దు చేశారు. 44వ రాజ్యాంగ సవరణతో ఎమర్జెన్సీలో సైతం ప్రాణ, స్వేచ్ఛా హక్కులను సస్పెండ్ చేయడానికి వీలు లేకుండా చేశారు. ఇవి చిన్న పనులు కావు. కాని మీసా రద్దు కాకముందే, 1977 డిసెంబరులో, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోనే ప్రివెంటివ్ డిటెన్షన్‌ను చేర్చే బిల్లును అదే ప్రభుత్వం తెచ్చింది. హోంమంత్రి చరణ్ సింగ్. దేశమంతటా నిరసన రాగా దాన్ని ఉపసంహరించుకోవలసి వచ్చింది. 44వ సవరణలో, సలహా సంఘానికి చూపకుండా నిర్బంధించే గడువును మూడు నెలలనుంచి రెండు నెలలకు తగ్గించే క్లాజు ఒకటి ఉన్నది. దాన్ని అమలు పరచే నోటిఫికేషన్ మాత్రం నేటివరకు వెలువడలేదు. నాలుగు దశాబ్దాలకు పైగా ఢిల్లీలో ఎన్నో ప్రభుత్వాలు మారాయి. ఒక్కటైనా ఆ కాగితంమీద సంతకం పెట్టలేదు. 1980లో జాతీయ భద్రతా చట్టం వచ్చింది. నేటికీ అది ఉన్నది.

ఈ కథకు పరాకాష్ఠ కాశ్మీరులో కనిపిస్తుంది. 1953 ఆగస్టులో షేక్ అబ్దుల్లాను పదవినుంచి తొలగించి అరెస్టు చేశారు. మధ్యలో కొద్ది నెలలు మినహా 1964 దాకా ఆయన నిర్బంధంలోనే గడిపాడు. అంతటి అనుభవం గలవాడు మళ్లీ అధికారంలోకి వచ్చి, 1978లో ఆయన ప్రభుత్వం ప్రజాభద్రతా చట్టం చేసింది. కలప దొంగరవాణాను అరికట్టడానికన్నారు. 2019 సెప్టెంబరులో అదే చట్టం కింద ఆయన కొడుకు ఫరూక్ అబ్దుల్లాను సొంత ఇంట్లోనే బంధించారు. అప్పటికి ఆయన లోక్‌సభ సభ్యుడు, మాజీ ముఖ్యమంత్రి. 2020 ఫిబ్రవరిలో మనుమడు ఒమర్‌మీద, మరొక మాజీ ముఖ్యమంత్రి మెహబూబా ముఫ్తీమీద అదే చట్టం ప్రయోగించారు. తాత చేసిన చట్టం కొడుకునూ మనుమణ్ణీ వెదుక్కుంటూ వచ్చింది. చట్టానికి వంశాభిమానం ఉండదు.

ఇటీవలి కాలంలో పద్ధతి కొంత మారింది. డిటెన్షన్ ఉత్తర్వు కంటె, బెయిలు దొరకని చట్టాలు ఎక్కువ వాడుకలోకి వచ్చాయి. చట్టవిరుద్ధ కార్యకలాపాల నివారణ చట్టానికి 2008లో చేసిన సవరణ, అక్రమ ధన చలామణీ చట్టంలోని బెయిలు షరతులు ఇటువంటివి. పేరుకు కేసు ఉన్నది, కోర్టు ఉన్నది. కాని విచారణ మొదలయ్యేలోగానే సంవత్సరాలు జైల్లో గడచిపోతే, ఆ కేసుకూ పాత డిటెన్షన్‌కూ మధ్య దూరమెంత? 2024 లోక్‌సభ ఎన్నికల ముందు కొద్ది వారాల తేడాతో, జార్ఖండ్ ముఖ్యమంత్రిగా రాజీనామా చేసిన రాత్రే హేమంత్ సోరెన్‌ను, పదవిలో ఉండగానే ఢిల్లీ ముఖ్యమంత్రి అరవింద్ కేజ్రీవాల్‌ను ధన చలామణీ చట్టం కింద అరెస్టు చేశారు. వారు దోషులా, నిర్దోషులా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. దాన్ని తేల్చవలసింది విచారణ. విచారణకు ముందే శిక్ష అనుభవింపజేసే శక్తి ప్రభుత్వం చేతిలో ఉండవచ్చునా అన్నదే ప్రశ్న.

వామపక్షం లెక్క

ఇంతవరకు చెప్పినదాన్ని విని, ఇది బూర్జువా రాజ్యస్వభావం, ఇందులో ఆశ్చర్యమేమున్నదని అనేవారు ఉండవచ్చు. రాజ్యం వర్గపాలనకు సాధనమన్నది నిజం. కాని ఆ సూత్రంతో మన బాధ్యత తీరిపోదు. 1975లో వామపక్షంలో ఒక భాగం జైలుకు వెళ్లింది. మరొక భాగం, భారత కమ్యూనిస్టు పార్టీ, ఎమర్జెన్సీని సమర్థించింది. మితవాద ఫాసిస్టు శక్తులను అణచడానికే నిర్బంధమని నమ్మింది. ఆ చెరలో మార్క్సిస్టులూ, సోషలిస్టులూ, కార్మిక నాయకులూ మగ్గారు. ఆ సమర్థన పొరపాటని 1978లో భటిండా మహాసభలో ఆ పార్టీయే అంగీకరించింది. 1950లో తన సభ్యులను బంధించిన ఆయుధమే 1975లో ఇతరులను బంధిస్తున్నప్పుడు దాన్ని గుర్తుపట్టడానికి అన్నేళ్ల అనుభవం చాలకపోవడం ఆలోచించవలసిన విషయం.

సోవియట్ యూనియన్ చరిత్ర ఇంతకంటె కఠినమైన పాఠం చెబుతుంది. మొదట ఇతర పార్టీలను మూసివేశారు. తర్వాత సొంత పార్టీలోని భిన్నాభిప్రాయాన్ని మూసివేశారు. లెనిన్ సహచరుడైన బుఖారిన్‌ను 1938లో కాల్చిచంపారు. యాభై ఏళ్ల తర్వాత, 1988లో, ఆయన నిర్దోషి అని ప్రకటించారు. అక్కడ విచారణ లేకపోలేదు, విచారణ నాటకమయింది. ప్రతిపక్షానికి చోటులేని రాజ్యంలో మిత్రుడికి కూడా చోటు మిగలదు.

మంచి ఉదాహరణలూ లేకపోలేదు. 1957 ఏప్రిల్‌లో కేరళలో అధికారానికి వచ్చిన నంబూద్రిపాద్ ప్రభుత్వం రాజకీయ ఖైదీల విడుదలతో తన పని ప్రారంభించింది. 1977లో బెంగాల్‌లో వచ్చిన వామపక్ష ప్రభుత్వం, తనను తీవ్రంగా ద్వేషించే నక్సలైట్లతో సహా రాజకీయ ఖైదీలను విడిచిపెట్టింది. ఈ రెండవదానికి విలువ ఎక్కువ. సొంతవాళ్లను విడిపించుకోవడానికి సూత్రం అక్కరలేదు, అభిమానం చాలు. ఎదుటివాణ్ణి విడిచిపెట్టడానికే సూత్రం కావాలి.

ఈ డెబ్బై ఐదేళ్ల చరిత్రలో ఒక్క సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. విచారణ లేని నిర్బంధాన్ని ప్రతిపక్షంలో ఉన్నప్పుడు వ్యతిరేకించని పార్టీ మనదేశంలో దాదాపు లేదు. అధికారంలోకి వచ్చాక దాన్ని పూర్తిగా వదులుకొన్న కేంద్ర ప్రభుత్వమూ లేదు. ప్రతివాడూ తన చేతిలో ఉన్నంతకాలం అది చెడ్డవాళ్లమీదనే పడుతుందని నమ్మాడు. ఆ చట్టాలు మాత్రం చెడ్డ, మంచి చూడలేదు. అధికారం ఎవరిదో, దాన్ని కాదన్నవాడెవడో మాత్రమే చూశాయి.

అందుచేత రచయితలకు, పౌరహక్కుల పక్షాన నిలిచేవారికి ఒక కర్తవ్యం ఉన్నది. మనవాణ్ణి పట్టుకొన్నప్పుడు ఖండించడం సులభం. ఎవడి మాట మనకు గిట్టదో, ఎవడి సభకు మనం వెళ్లమో, వాణ్ణి విచారణ లేకుండా పట్టుకొన్నప్పుడు వాడి తరఫున మాట్లాడాలి. వాడు మనతో ఏకీభవిస్తాడని కాదు, రేపు మనకు కృతజ్ఞత చూపుతాడనీ కాదు. 1950లో గోపాలన్‌కు ఆ మాట సాయం తగినంత దొరికి ఉంటే, పాతికేళ్ల తర్వాత లక్షమందికి పైగా ఆ గేటు గుండా వెళ్లవలసి వచ్చేది కాదేమో. అమలు కాని ఆ రెండు నెలల క్లాజు నేటికీ రాజ్యాంగ సవరణ ప్రతిలో సంతకం కోసం ఎదురుచూస్తూనే ఉన్నది. ఓటు అడగడానికి వచ్చే ప్రతి పార్టీనీ, అది అధికారంలో ఉన్నా ప్రతిపక్షంలో ఉన్నా, దాన్ని గురించి అడగవలసినది మనమే.